సెంటులో అయిదో వంతు చాలు: మంత్రాలయం ఎండల్లో ఇంటి పసుపు



పైన వీడియోలో మీరు చూసిన పసుపు మడి మా ఇంటి వెనకాలది. పొడవు 15 అడుగులు, వెడల్పు 6 అడుగులు. అంటే 90 చదరపు అడుగులు, సెంటులో అయిదో వంతు. వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లు వస్తానే ఉన్నాయి. సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, ఎకరాకు ఎంత మిగుల్తుంది?"

నా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. మా తట్టు పసుపును ఎకరాల్లో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. పెట్టి పోగొట్టుకున్నోణ్ణి కాబట్టి చెప్పను. కానీ ప్రతి ఇంటి వెనకా 60 మొక్కలు పెట్టండని మాత్రం అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్తా ఉన్నాను. ఎందుకో మొదటి నుంచి చెప్తాను.

నీళ్లు పోసినా పోని రంగు

నేను వ్యవసాయ డిప్లొమా చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మళ్లీ ఊరికి వచ్చి సేద్యంలో దిగాను. పండించింది పండించినట్టు మార్కెట్‌కు తోలితే ఏమీ మిగలదని అర్థమయ్యాక చిన్న వ్యాపారం పెట్టాను. మా వేరుశనగ గానుగ నూనె, కందిపప్పు, కొర్రలు, చుట్టుపక్కల ప్రకృతి సేద్యం చేసే రైతుల మిరపకాయలు ప్యాక్ చేసి ఎమ్మిగనూరు, ఆదోని, కర్నూలు ఇళ్లకు పంపేవాణ్ణి. కొనేవాళ్లు మెల్లగా "పసుపు కూడా పంపు తమ్ముడూ" అనడం మొదలుపెట్టారు.

నా దగ్గర పసుపు లేదు. ఒక వ్యాపారి దగ్గర కొమ్ములు కొని, ఆయన మాట నమ్మి పొడి పట్టించి అమ్మాను. ఇది 2021 సంగతి. రంగు చూస్తే నిగనిగలాడుతోంది. నాకు అనుమానం రాకపోగా, సంతోషం వేసింది.

నెల తిరక్కముందే ఎమ్మిగనూరు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఆమె కెమిస్ట్రీ టీచరు. "తమ్ముడూ, నీ పసుపు స్కూలు ల్యాబ్‌లో చూసినాను. ఆమ్లం వేస్తే ఎర్రబడింది, అది మామూలే. నీళ్లు పోసినా ఆ రంగు పోలేదు" అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. పసుపు పొడిలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే అసలు పసుపు కూడా రంగు మారుతుంది. కానీ నీళ్లు పోసి పలచన చేస్తే ఆ రంగు పోతుంది. పోకుండా నిలబడితే అందులో మెటానిల్ ఎల్లో అనే రంగు ఉన్నట్టు. అది తిండిలో వాడకూడని రంగు. (ఈ పరీక్ష ఇంట్లో చేయొద్దు. ఆ ఆమ్లం ఒంటి మీద పడితే కాలుతుంది.) మిగిలిన ప్యాకెట్టు ఒకటి ల్యాబ్‌కు పంపాను. అక్క చెప్పిందే నిజమని కాగితం మీద వచ్చింది.

అప్పటికి 43 ప్యాకెట్లు అమ్మి ఉన్నాను. పుస్తకంలో పేర్లు చూసుకుంటా ఒక్కొక్కరికి ఫోన్ చేసి, "వాడొద్దండి, పారేయండి, డబ్బులు వెనక్కి ఇస్తాను" అని చెప్పాను. కొందరు మెచ్చుకున్నారు. కొందరు పసుపుతో పాటు నూనె, పప్పు కూడా మానేశారు. ఒక పెద్దావిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మా మనవరాలికి పాలల్లో కలిపి ఇచ్చినాను కదా నాయనా." దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ వ్యాపారి మోసం చేశాడని చెప్పుకోవచ్చు. కానీ ప్యాకెట్ మీద ఉన్నది నా పేరు.

ఈ కల్తీ ఒక్క మన దగ్గరే లేదు. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు రావాలని సీసం ఉన్న లెడ్ క్రోమేట్ రంగు పూస్తున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. 1980ల్లో వరదలకు పంట సరిగా ఎండక రంగు చెడిందనీ, దాన్ని కప్పిపుచ్చడానికి ఈ అలవాటు మొదలైందనీ వాళ్ల విచారణలో తేలింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అక్కడి ప్రభుత్వం మిల్లుల మీద దాడులు చేసి, జనానికి చెప్పింది. 2019లో 47 శాతం నమూనాల్లో కనబడిన సీసం 2021 నాటికి ఒక్కదానిలో కూడా కనబడలేదు. అంటే ఆపాలనుకుంటే ఆగుతుంది. ఇందులో మన తప్పు కూడా కొంత ఉంది. మెరిసే పసుపే మంచి పసుపని మనమే అనుకుంటాం. ఎండబెట్టడంలో చెడింది రంగుతో కప్పితే, మనం ఆ రంగు చూసే కొంటాం.

అర ఎకరా పాఠం

"ఇక నేనే పండిస్తా" అని పట్టుబట్టి 2022లో అర ఎకరాలో పసుపు పెట్టాను. ఏటికి దగ్గరగా ఉన్న నల్లరేగడి కయ్య. మైదుకూరు రకం విత్తనం 5 క్వింటాళ్లు తెచ్చాను. మే నెలలోనే నాటాను, తొందర. మా అమ్మ "ఈ ఎండల్లో యాడ బతుకుతుంది రా" అంటానే ఉంది. డిప్లొమా చదివినోణ్ణి కదా, వినలేదు.

మా ఎండలు మీకు తెలుసు. మేలో 42 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. మొలక వచ్చినవి వచ్చినట్టే ఆకు అంచులు మాడాయి. ఎట్లాగో జులై దాటించాను. ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. నల్లరేగడిలో నీళ్లు నిలబడ్డాయి. మొదళ్లు మెత్తబడి, ఆకులు పసుపుబారి, మొక్క పట్టి లాగితే చేతికి ఊడి వచ్చేది. దుంపకుళ్లు. ట్రైకోడెర్మా వేశాను, కాలవలు తీశాను. అప్పటికే ఆలస్యమైంది. ఈ తెగులుకు మందు వెతకడం కన్నా నీళ్లు నిలవకుండా చూసుకోవడమే అసలు వైద్యమని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. చేలో మాత్రం చేయలేదు.

అర ఎకరాకు 40 క్వింటాళ్ల పచ్చి కొమ్ములు వస్తాయని లెక్క వేసుకుంటే 6 క్వింటాళ్లు వచ్చాయి. విత్తనం, దున్నకం, కూలీలు అన్నీ కలిపి 70 వేల దాకా పెట్టినాను. వచ్చింది విత్తనం ఖర్చుకు కూడా సరిపోలేదు.

మైదుకూరు పెద్దాయన చెప్పిన మాట

ఎక్కడ తప్పు చేశానో తెలుసుకుందామని, విత్తనం ఇచ్చిన రైతు దగ్గరికే మైదుకూరు పోయినాను. మన రాయలసీమలో పసుపు అంటే కడప జిల్లానే. మైదుకూరు పేరుతో ఒక రకమే ఉంది. దుగ్గిరాల, టేకూరుపేట, ఆర్మూరు రకాల్లాగే అది కూడా 9 నెలల పంట.

అక్కడ నాకు వింతగా తోచిన సంగతి ఒకటుంది. ఆ చేలకు పారేది కేసీ కాలవ నీళ్లు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలవ అది. మా మంత్రాలయం ముందు నుంచి పారే తుంగభద్రే దిగువన సుంకేసుల దగ్గర ఆ కాలవలోకి మళ్లుతుంది. అదే ఏరు, అవే నీళ్లు. అక్కడ పసుపు పండిస్తా ఉన్నాయి, నా కయ్యలో కుళ్లబెట్టాయి.

పెద్దాయన తన చేను చూపించాడు. ఎత్తు బోదెల మీద నాటు. మధ్యమధ్యలో మొక్కజొన్న, గట్ల వెంబడి ఆముదం. కింద ఎండుటాకుల కప్పు. నా కథ అంతా విని ఒకటే అన్నాడు: "పసుపుకు నీళ్లు కావల్ల, నిలబడకూడదు. ఎండ కావల్ల, మాడ్చకూడదు. నువ్వు రెండూ తలకిందులు చేసినావు." పోయేటప్పుడు మళ్లీ పిలిచి అడిగాడు: "మీ అవ్వ ఇంటికి పసుపు యాడ నుంచి తెచ్చుకునేది?"

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. అవ్వ కొనేది కాదంట. జాలారి పక్కన, మునగ చెట్టు నీడలో నాలుగు సాళ్లు పెట్టేదంట. ఏడాదికి సరిపోయేదంట. నేను 70 వేలు పోసి నేర్చుకున్నది మా ఇంటి వెనకాలే ఉండి పోయింది.

ఇంటికి ఎంత పసుపు కావాలి?

ఇక్కడ లెక్క వేసుకుందాం. అయిదుగురున్న ఇంట్లో వంటకు, గడపకు, పూజకు కలిపి మాకు ఏడాదికి రెండు రెండున్నర కిలోల పొడి పడుతుంది. అయిదు కిలోల పచ్చి కొమ్ములు ఉడికించి ఎండబెడితే సుమారు ఒక కిలో ఎండు పసుపు. అంటే 10 నుంచి 12 కిలోల పచ్చి పసుపు, దాంతోపాటు వచ్చే ఏటికి రెండు కిలోల విత్తనం. మొక్కకు పావు కిలో వచ్చినా 60 మొక్కలు చాలు. అడుగున్నర ఎడంగా నాలుగు సాళ్లు, సాలుకు 15 మొక్కలు. అదే 90 చదరపు అడుగులు. విత్తనం కిలోన్నర నుంచి రెండు కిలోలు.

చోటు: పొద్దున ఎండ తగిలి, మధ్యాహ్నం నుంచి నీడ వచ్చే చోటు మంచిది. మునగ, నిమ్మ, బొప్పాయి చెట్ల తూర్పు పక్క సరిగ్గా సరిపోతుంది. అవ్వ కాలంలో జాలారి నీళ్లు మంచివే. ఇప్పుడు వాటిలో సబ్బు, డిటర్జెంటు కలుస్తున్నాయి కాబట్టి ఆ నీళ్లు నేరుగా పారనీయొద్దు.

మడి: నల్లరేగడి అయితే నేల మట్టం మీద నాటనే నాటొద్దు. ఒక అడుగు ఎత్తు మడి కట్టండి. నేను ఉన్న మట్టిలో సగానికి సగం ఎర్రమట్టి, కొంచెం ఏటి ఇసుక, నాలుగు బుట్టల బాగా మాగిన పశువుల ఎరువు, రెండు కిలోల ఘనజీవామృతం కలిపాను. చుట్టూ నీళ్లు బయటికి పోయే కాలవ ఒకటి తీశాను. ఎర్రనేల వాళ్లకు అరడుగు ఎత్తు చాలు.

విత్తనం: కుళ్లు, మచ్చ లేని కొమ్ములు తీసుకోండి. ఒక్కో ముక్క 25 నుంచి 30 గ్రాములు, రెండు కళ్లయినా ఉండాలి. రకం మీ ఇష్టం. నీళ్లకు ఇబ్బంది ఉన్నవాళ్లు ప్రగతి రకం దొరికితే చూడండి. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన రకం అది, ఆరు నెలల్లో చేతికొస్తుంది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. ముఖానికి రాసుకునే కస్తూరి పసుపు వేరే జాతి మొక్క, అది వంటకు కాదు. 7 నెలల్లో వచ్చే పసుపు రకాలను కూడా కస్తూరి రకాలు అంటారు, పేరు విని పొరబడొద్దు.

బీజామృతం: రెండు కిలోల విత్తనానికి 2 లీటర్ల నీళ్లు, అర కిలో పేడ, అర లీటరు మూత్రం, 5 గ్రాముల సున్నం, చిటికెడు గట్టు మట్టి. రాత్రి కలిపి పెట్టి, పొద్దున కొమ్ములను అరగంట ముంచి, నీడలో ఆరబెట్టి నాటాలి.

నాటడం: మేలో వద్దు. మా తట్టు జూన్‌లో మొదటి పదును వాన పడి, నేల వేడి చల్లారాక నాటండి. రెండు అంగుళాల లోతు, మొక్కకు మొక్కకు అడుగు. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, కంగారుపడి తవ్వి చూడొద్దు. మా అబ్బాయి రెండు కొమ్ములు అట్లా తవ్వి చూసి చంపేశాడు.

కప్పు: నాటిన రోజే కానుగ, వేప ఆకులు మూడు అంగుళాల మందం పరిచాను. తర్వాత వేరుశనగ పొట్టు వేశాను. ఈ కప్పు లేకపోతే మా ఎండకు మడి రెండు రోజులకే ఎండిపోతుంది. కప్పు ఉంటే జులైలో వాన లేకపోయినా నాలుగైదు రోజులకు ఒకసారి నీళ్లు సరిపోయాయి.

నీడ: మడికి పడమర వైపు నాలుగు ఆముదం గింజలు పెట్టండి. మూడు నెలల్లో సాయంత్రం ఎండను ఆపుతాయి. మధ్యలో పొడుగ్గా పెరిగే మొక్కజొన్న నాలుగైదు చాలు.

జీవామృతం: 10 లీటర్ల నీళ్లకు అర కిలో పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, పిడికెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు, పూటకొకసారి కలపాలి. ఈ మడికి అందులో ఒక లీటరు, 10 లీటర్ల నీళ్లతో కలిపి 15 రోజులకొకసారి పోస్తే చాలు. మిగిలింది కరివేపాకుకు, నిమ్మకు పోయండి.

మట్టి ఎగదోయడం: నాటిన రెండు నెలలకు ఒకసారి, నాలుగు నెలలకు ఒకసారి. కొమ్ములు బయటపడి ఎండ తగిలితే పచ్చబారతాయి.

తెగుళ్లు: ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు వస్తే మచ్చపడిన ఆకులు కోసి కాల్చేయండి, మడిలో వదలొద్దు. పుల్లటి మజ్జిగ పలచన చేసి కొట్టాను, కొంత ఆగింది. మొదలు మెత్తబడిన మొక్క ఒక్కటి కనబడినా చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. ఆ గుంతలో ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేయండి. ఆ రోజు నుంచి నీళ్లు తగ్గించండి.

తవ్వి, ఉడికించి, ఎండబెట్టి

జనవరి నుంచి ఆకులు పండుబారి వాలిపోతాయి. అప్పుడు నీళ్లు ఆపేయాలి. ఆకు పూర్తిగా ఎండాక కోసి, పది రోజులు ఆగి, మడిని కొంచెం తడిపి తవ్వాలి. కొమ్ములు విరక్కుండా వస్తాయి.

2023లో మొదటిసారి పెట్టిన మడి లెక్క ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నాటినవి 60, బతికినవి 51. వచ్చింది 14 కిలోల పచ్చి పసుపు. విత్తనానికి రెండున్నర కిలోలు, ఊరగాయకు కిలో తీసి, పదిన్నర కిలోలు ఉడికించాం. ఎండాక రెండు కిలోలు తూగింది. గొప్ప దిగుబడేమీ కాదు. కానీ మా ఇంటికి దాదాపు ఏడాది సరిపోయింది.

ఉడికించడం అసలు పని. తవ్విన రెండు మూడు రోజుల్లోపే చేయాలి. మట్టి పోయేదాకా కడగండి, కొమ్ములను తల్లి దుంపల నుంచి విడదీయండి. రెండింటినీ కలిపి ఉడికించొద్దు. తల్లి దుంప లావు, ఆలస్యంగా ఉడుకుతుంది. పాత్రలో కొమ్ములు మునిగి రెండు అంగుళాల పైకి నీళ్లు పోసి, కట్టెల పొయ్యి మీద పెట్టండి. 45 నిమిషాల నుంచి గంట. తెల్లటి నురగ పొంగి, పసుపు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. అప్పుడు దించేయాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే లోపల సరిగా ఎండక పురుగు పడుతుంది. వీడియోలో పుల్ల గుచ్చేది మా అమ్మ చెయ్యి. ఆ పనిలో నా మాట ఇప్పటికీ చెల్లదు.

తర్వాత శుభ్రమైన చాప మీదో గుడ్డ మీదో 10 నుంచి 15 రోజులు ఎండ. రాత్రిళ్లు కుప్ప చేసి కప్పాలి. విరిస్తే టక్కుమని విరగాలి, వంగకూడదు. ఎండ విషయంలో మాత్రం మా మంత్రాలయానికి సాటి లేదు. పంటను మాడ్చే ఆ ఎండే పసుపును చక్కగా ఎండబెడుతుంది. ఎండిన కొమ్ములు గోనెసంచిలో వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఊపితే పైపొట్టు రాలుతుంది. మెరుపు ఆ మాత్రమే వస్తుంది, అంతకుమించి రాదు. రావాలనుకోవడమే కల్తీకి దారి.

పొడి ఒకేసారి పట్టించుకోవద్దు. కొమ్ములుగా దాచుకుని మూడు నాలుగు నెలలకు ఒకసారి పట్టించండి. మిల్లుకు పోతే ముందు ఎవరి మిరపకాయలు పట్టారో చూసుకోండి. మిక్సీలో అయితే ముందు రోట్లో ముక్కలు చేయండి, లేకుంటే బ్లేడు పోతుంది. పొడిని వెలుతురు తగలని డబ్బాలో పెట్టండి. పసుపు రంగుకు కారణమైన కర్కుమిన్ ఎండకు విరిగిపోతుంది. చొక్కా మీద పడిన పసుపు మరక నాలుగు రోజులు ఎండలో వేస్తే పోయేది అందుకే.

విత్తనం కొమ్ములను చెట్టు కింద గుంత తీసి, ఇసుక, ఎండు పసుపు ఆకు వరసలు వరసలుగా వేసి దాచండి. జూన్ దాకా చెడవు.

వాడకం, నాలుగు మాటలు

మా ఊళ్లో ఏరు దాటితే రాయచూరు జిల్లా. ఇక్కడ సగం ఇళ్లలో పసుపును అరిశిన అంటారు. పేరు ఏదైనా వాడకం ఒకటే. గుమ్మానికి, పప్పుకు, పసిబిడ్డ నీళ్లకు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిలో పారాణి అదే. మాధ్వ సంప్రదాయంలో అక్షతలకు పసుపుతో పాటు సున్నం కలుపుతారు. మఠానికి వచ్చినవాళ్లు కొంగున కట్టుకుపోయే మంత్రాక్షతల ఎరుపు పసుపుదే. అయితే ఇది కల్తీ పరీక్ష కాదు. సున్నానికి ఎర్రబడితే అందులో పసుపు ఉందని తెలుస్తుంది, రంగు లేదని తెలియదు.

ఇంట్లో చేయగలిగింది నీళ్ల పరీక్ష. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో స్పూను పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుక్కు దిగి, పైన నీళ్లు లేత పసుపుగా తేలతాయి. నీళ్లన్నీ ముదురు పసుపు అయితే అనుమానించండి. సీసం ఉందో లేదో మాత్రం గ్లాసు నీళ్లు ఖాయంగా చెప్పలేవు, అది ల్యాబ్ పని.

తినడం గురించి: కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. మిరియాలతో కలిస్తే ఒంటికి ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు చూపించారు. మిరియాల చారులో పసుపు వేసి తాళింపు పెట్టే మన అమ్మలకు ఎవరూ చెప్పకుండానే అది అలవాటు. గాయానికి పసుపు పెట్టడం కూడా అంతే. 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రం దాని మీద పేటెంట్ తీసుకుంటే, మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రాలు ముందుపెట్టి 1997లో రద్దు చేయించింది.

అట్లని పసుపు అన్ని రోగాలకూ మందని నేను చెప్పను. వంటలో వాడే పసుపు వేరు, ఎక్కువ మోతాదు మాత్రలు వేరు. అట్లాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యులు నమోదు చేశారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటి జోలికి పోవద్దు.

మరి వ్యాపారం?

"నువ్వు వ్యాపారం చేసేవాడివి కదన్నా, పసుపు వదిలేస్తావా?" అని అడుగుతారు. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో పసుపు లేదు. నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది. పసుపు నేలలున్న రైతులకు దాని వల్ల మేలు జరగాలని కోరుకుంటాను. కానీ మా నల్లరేగడికి, మా ఎండకు 9 నెలల పంట ఎకరాల్లో పెట్టి ధర కోసం ఎదురుచూడటం నాకు సరిపడదు. మాకు కంది ఉంది, కొర్ర ఉంది, వేరుశనగ ఉంది. కాలవ, నీడ, మురుగు పోయే నేల ఉన్నవాళ్లు పెట్టుకోండి, వాళ్ల లెక్క వేరు.

నేను ఇప్పుడు పసుపు పొడి అమ్మను. నా దగ్గర నూనె, పప్పు కొనే ఇళ్లకు రెండు కిలోల విత్తనం ఇస్తాను. డబ్బులు తీసుకోను. ఒకటే షరతు, మరుసటేడు వాళ్లు ఇంకో ఇంటికి రెండు కిలోలు ఇవ్వాలి. ఇప్పటికి 17 ఇళ్లలో మడులున్నాయి. మూడు ఇళ్లలో కుళ్లిపోయింది, మళ్లీ పెట్టారు. చోటు లేనివాళ్లు పెద్ద సంచుల్లో పెట్టారు. సంచికి రెండు మొక్కలు, అడుగున బొక్కలు తప్పనిసరి.

మొదటి విత్తనం ఇచ్చింది ఎమ్మిగనూరు అక్కకే. నిరుడు మార్చిలో ఆమె తన మొదటి పొడి చిన్న స్టీలు డబ్బాలో తెచ్చింది. రంగు కొంచెం మబ్బుగా, ఇటుక ఛాయలో ఉంది. బజారు పసుపు పక్కన పెడితే వెలసిపోయినట్టే కనబడుతుంది. డబ్బా నా చేతికిచ్చి, "నువ్వు కూడా చూసుకో తమ్ముడూ, అడగడానికి మొహమాటపడొద్దు" అంది. మా అమ్మ గ్లాసులో గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. స్పూను పసుపు వేశాం. ముగ్గురం కూచుని చూశాం. పసుపు మెల్లగా అడుక్కు దిగింది. పైన నీళ్లు లేత నిమ్మరంగులో తేలాయి.

జూన్ వస్తోంది. ముందు చోటు చూసుకోండి, మడి ఎత్తండి. విత్తనం నాటే రోజు, ఉడికించే రోజు వీడియోలు కింద పెట్టాను. మీ మడిలో కుళ్లు కనబడితే దాచుకోకుండా ఫోటో తీసి పంపండి. నా అర ఎకరా పాఠం మీకు ఉచితంగా వస్తుంది.